కొండారెడ్డి గారి హాలుకు ఎన్ని వాట్లు?

ఆత్మకూరు బస్టాండుకు కాస్త ఎడంగా నా కొట్టు ఉండేది. రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టాను. తర్వాత పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కట్టాను. టీవీలు గోడలకెక్కి, సినిమాలు ఫోన్లలోకి వచ్చాక ఇళ్ళలో హోం థియేటర్లు బిగించడమే నా ప్రధానమైన పని అయింది. నిరుడు కొట్టు మూసేశాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు వింజమూరు నుంచీ, అనంతసాగరం నుంచీ ఫోన్లు చేస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, హాలు ఇంత ఉండాది, ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ పెట్టమంటావు?"

ఒక అంకె చెప్పి ఫోను పెట్టేయవచ్చు. చాలాకాలం అలాగే చెప్పాను కూడా. కలిగిరి దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో, కొండారెడ్డి గారి ఇంట్లో పనిచేశాక అలా చెప్పడం మానేశాను. ఆ సంగతి రాస్తే మీకు అంకె కంటే ఎక్కువ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఉదయగిరి చదువు

నాకు పని నేర్పింది ఉదయగిరిలో కరీముల్లా సాయబు. కొండ కిందివైపు ఒక సందులో ఆయన రిపేరు కొట్టు. తక్కువ మాటలు, ఎక్కువ కోపం. ఎవరైనా ఆంప్లిఫయర్ తెస్తే ఆయన దాని మీద ఏం రాసుందో చదివేవాడు కాదు. ఒంటిచేత్తో పైకెత్తి చూసేవాడు. తేలిగ్గా లేస్తే మొహం చిట్లించి పక్కన పెట్టేవాడు.

"వాట్లు ఎవుడైనా రాస్తాడ్రా అట్టపెట్టె మీద. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల గదా," అనేవాడు.

ఇప్పుడు తేలికపాటి కొత్తరకం ఆంప్లిఫయర్లలోనూ మంచివి వస్తున్నాయి కాబట్టి బరువొక్కటే కొలత కాదు. కానీ ఆయన అనుమానం మాత్రం ఈనాటికీ సరైనదే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్లు, రెప్పపాటు సేపు ఎగదన్నగలిగే బలం. గంటల తరబడి నిలబడి ఇవ్వగలిగే బలం లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు చూడాల్సింది అది. అది కూడా అన్ని స్పీకర్లూ ఒకేసారి మోగుతున్నప్పుడు ఎంత ఇస్తుందో అడగండి. ఒక్క స్పీకరు మీద పరీక్ష పెట్టి, దాన్ని అయిదుతో హెచ్చవేసి అచ్చువేసే కంపెనీలు ఉన్నాయి.

సాయబులో నాకు నచ్చని గుణం కూడా ఒకటి ఉండేది. మాట సరిగా తెలియడం లేదని ఎవరైనా తిరిగి వస్తే, "మిషను బాగుండాది, మీ చెవులే బాగలా" అని కసిరి పంపేవాడు. యంత్రం గురించి ఆయన చెప్పిందంతా నేను నమ్మాను. మనుషుల గురించి చెప్పింది నమ్మకుండా ఉండటానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పెద్ద పవరుది ఒకటి

కొండారెడ్డి గారు నిమ్మతోటలున్న పెద్ద రైతు. ఊళ్ళో తగువులు ఆయన వసారాలోనే తీరేవి. కొత్తగా ఇల్లు కట్టుకుని, నెల్లూరు నుంచి హోం థియేటర్ తెప్పించుకున్నారు. ఒకరోజు ఉదయం నాకు ఫోను చేశారు.

"పెంచలయ్యా, పెద్ద పవరు ఆంప్లిఫయర్ ఒకటి తీసుకోని రా. ఎంత పెద్దదైనా పర్వాలా."

ముందు చూసి చెబుతానని బండి మీద వెళ్ళాను. ఊరి మొదట్లోకి రాగానే పాట వినిపించింది. ఇంటి ముందు బండి దిగేసరికి కిటికీ రెక్కలు అదురుతున్నాయి. పక్కనే పశువుల కొట్టంలో, బర్రెల దగ్గర ముక్కాలిపీట మీద ఒక పెద్దావిడ ఇంటికి వీపు పెట్టి కూర్చుని ఉంది. పలకరిస్తే తల తిప్పలేదు.

హాలు పొడుగ్గా ఉంది. కింద నున్నటి గ్రానైటు, చుట్టూ ఖాళీ గోడలు, పరదాలు లేవు. ఈ కొసన టీవీ, ఆ కొసన సోఫాలు. నాలుగు మూలలా నిలువెత్తు స్పీకర్లు. కొండారెడ్డి గారి పక్కన ఆయన బావమరిది రమణారెడ్డి కూర్చుని ఉన్నాడు. వింజమూరులో తన ఇంట్లో ఇంతకంటే పెద్ద సెట్టు పెట్టించుకున్న మనిషి. ఇక్కడ అన్నీ ఆయన సలహా ప్రకారమే కొన్నారు.

"ట్వీటర్లు మార్చిన ప్రతిసారీ కాలిపోతా ఉండాయి," అన్నారు కొండారెడ్డి గారు. ట్వీటరంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు.

"ఆంప్లిఫయర్ పవరు ఎక్కువై కాలిపోతా ఉండాయి బావా. స్పీకర్లు తట్టుకోలా. ఇంకా పెద్ద స్పీకర్లు పెట్టాల," అన్నాడు రమణారెడ్డి.

ఆంప్లిఫయర్ మూత తీశాను. పెట్టె మీద వేల వాట్లు రాసి ఉంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ నా పిడికిలంత ఉంది.

"పవరెక్కువై కాదు రెడ్డిగారూ, తక్కువై కాలిపోయినాయి," అన్నాను.

ఇద్దరూ నవ్వారు. తక్కువైతే కాలడమేందని రమణారెడ్డి ఎగతాళి చేశాడు. నేను కొండారెడ్డి గారినే అడిగాను. "మీ బోరు మోటారు ఎప్పుడన్నా కాలినాదా?"

"కాలకుండా ఉంటాదా? పోయిన ఎండాకాలం గూడా వైండింగు చేయించినా."

"ఓల్టేజీ ఎక్కువై కాలినాదా, తక్కువై కాలినాదా?"

ఆయన నవ్వు ఆపేశారు. "తక్కువై. లో ఓల్టేజీలో లాగలేక లాగి వేడెక్కి కాలిపోతాది."

"ఇదీ దాదాపు అంతే. చిన్న ఆంప్లిఫయర్‌ని గొంతు చించుకునేట్టు తిప్పితే పాట పాటలాగ రాదు. పైనా కిందా తెగిపోయిన శబ్దం వస్తాది. ఆ తెగిన ముక్కల వేడంతా ట్వీటరు మీద పడి దాని తీగ కాలిపోతాది. మీకు మోటార్లకు కరెంటు ఇచ్చే టయానికి ఇంట్లో ఓల్టేజీ ఇంకా పడిపోతాది. దీనికి ఉన్న కాస్త బలం కూడా పోతాది."

కొండారెడ్డి గారు బావమరిది వైపు తిరిగారు. "మోటారు లెక్క అంటే నాకు తెలుసులే. పెంచలయ్య చెప్పింది నిజం," అన్నారు.

లెక్క ఎలా కట్టాలి

కొత్తవాళ్ళ కోసం ఆ రోజు నేను వేసిన లెక్క చెబుతాను. ముందు స్పీకరు వెనక చీటీ చూడాలి. అది నిలకడగా ఎన్ని వాట్లు తట్టుకుంటుందో, దాని నిరోధం ఎన్ని ఓమ్‌లో అక్కడ ఉంటుంది. ఆంప్లిఫయర్ అదే ఓమ్‌ల మీద, నిలకడగా, ఇంచుమించు అన్ని వాట్లూ ఇవ్వగలగాలి. కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు, మరీ తక్కువ కాకూడదు. మామూలుగా సినిమా చూస్తున్నప్పుడు వాడేది అందులో చాలా కొద్ది. కానీ ఉరుమో, డప్పో వచ్చినప్పుడు ఒక్క క్షణం చాలా కావాలి. ఆ క్షణం కోసమే మిగతా బలం.

రెండోది, అదే వాట్లకు ఒక స్పీకరు గట్టిగా పలుకుతుంది, ఇంకొకటి మెల్లిగా పలుకుతుంది. మెల్లిగా పలికేదాన్ని కొని దాని వెనక పెద్ద ఆంప్లిఫయర్ తగిలించే బదులు, గట్టిగా పలికే స్పీకరు కొనుక్కోమని చెప్పండి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపవుతుందని జనం అనుకుంటారు. కాదు. చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. అదే తేడా కుర్చీ నాలుగడుగులు ముందుకు జరిపితే ఊరికే వస్తుంది.

ఈ లెక్క ప్రకారం నిలకడైన బలమున్న ఆంప్లిఫయర్ ఒకటి ఎంచి తెచ్చి, ఓల్టేజీ కోసం స్టెబిలైజర్ పెట్టి, కొత్త ట్వీటర్లు వేశాను. దాని మీద రాసిన అంకె పాతదాని ముందు వెలవెలబోయేంత చిన్నది. రమణారెడ్డికి అది ఏమాత్రం నచ్చలేదు. పాట పెట్టాక మాత్రం తల ఊపుతూ విన్నాడు. అంత శుభ్రంగా పలికింది.

సుశీలమ్మ లేచి వెళ్ళిపోయింది

అప్పుడు కొండారెడ్డి గారు గుమ్మంలోకి వెళ్ళి గట్టిగా కేక వేశారు. "సుశీలా! రా, వచ్చి చూడు!"

కొట్టంలో కూర్చున్న పెద్దావిడ ఆయన భార్య. చేతులు కడుక్కుని వచ్చి సోఫా అంచున కూర్చుంది. ఆయన ఒక పాత సినిమా పెట్టి, ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. కాసేపు ఆమె తెర వైపు చూసింది. ఒకసారి నవ్వబోయి, మేము నవ్వడం లేదని గమనించి ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లిగా లేచి వెళ్ళిపోయింది.

ఆయన రిమోటు సోఫాలోకి విసిరారు. "ఈమె కోసమే గదయ్యా ఇదంతా! టీవీ వినపడదని చూడటం మానేసింది. నా దగ్గర కూర్చోడం మానేసింది. ఇంకా పవరు చాలలేదంటావా?"

"చాల్లేదు బావా, మొదుట్నించి నేను చెప్తానే ఉండా," అన్నాడు రమణారెడ్డి.

ఆ రోజు నేను ఊ అంటే ఇంకా పెద్దది కొనేవారు. అడిగినదల్లా ఇచ్చి పంపేవారు. నాకు మాత్రం ఆమె నవ్వబోయి ఆగిన తీరు కళ్ళ ముందు నుంచి పోలేదు.

"ఇంక పెంచేది లేదు రెడ్డిగారూ. ముందు ఆమెని అడగనీండి," అన్నాను.

"ఆమెని అడిగేదేంది? వినపడితే గదా చెప్పేది!"

అయినా కొట్టంలోకి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను. నేను మాట్లాడుతుంటే ఆమె నా కళ్ళలోకి చూడలేదు, పెదవుల వైపే చూసింది. చెప్పాల్సింది మెల్లిగా, విడదీసి చెప్పాను. ఆమెకు అర్థమైంది.

"శబ్దం వినపడతానే ఉండాది నాయనా. మాటే తెలవడం లా. మొదట్లో పిలకాయల మాటలు తెలవలా. తర్వాత ఫోన్లో మాటలు. ఇప్పుడు ఇంట్లోవి గూడా."

"రెడ్డిగారికి చెప్పినారా అమ్మా?"

"చెప్తే ఇంకా గట్టిగా అరస్తాడు. తిడతా ఉండాడో, పిలస్తా ఉండాడో నాకు తెలవదు. మొగం చూస్తే తిట్టినట్టే ఉంటాది. అందుకే ఈడ కూర్చుంటా. ఇవి నన్నేం అడగవు గదా," అని బర్రె మెడ మీద చెయ్యి వేసింది.

తాత, పాప, కాక

ఆ ఇంట్లో నా పని అయిపోయినట్టే లెక్క. ఆంప్లిఫయర్ పనిచేస్తోంది, ట్వీటర్లు కాలడం లేదు. కానీ హోం థియేటర్ పెట్టించింది ఆమె కోసమైతే, ఆమెకు మాట తెలిసేదాకా పని కాలేదనే నా పట్టుదల. మళ్ళీ వెళ్ళాను.

సోఫాలను తెర దగ్గరికి జరిపించాను. మాటలు ఎక్కువగా వచ్చే మధ్య స్పీకరును టీవీ బల్ల అడుగున పడేసి ఉంచితే, తీసి ఆమె చెవుల ఎత్తులో పెట్టాను. దడదడలాడించే లావు శబ్దాలు తగ్గించాను. గ్రానైటు నేల మీద జంపఖానా పరిపించి, ఎదురు గోడకు మందపాటి పరదా కట్టించాను. వార్తలు పెట్టి, ఎక్కడ బాగుందో ఆమెనే చెప్పమన్నాను. "ఫ్యాను ఆపితే బాగుండాది", "ఈ పక్కకయితే తెలస్తా ఉండాది" అని ఆమే చెబుతుంటే దానికి తగ్గట్టు తిప్పుతూ పోయాను. సగం మాటలు చిక్కాయి. సగం చిక్కలేదు.

చివరికి ఆమె వెనక నిలబడి మామూలు గొంతుతో ఒక్కొక్క మాట చెప్పి తిరిగి చెప్పమన్నాను. తాత అన్నాను. "తాత" అంది. పాప అన్నాను. "తాత" అంది. కాక అన్నాను. "తాతే గదా," అంది. ఎదురుగా వచ్చి అవే మాటలు అంటే పెదవులు చూసి పాప అన్న మాటను పట్టుకుంది.

నాకు తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది. అది ఏ ఆంప్లిఫయరూ తీర్చే లోపం కాదు. కొండారెడ్డి గారిని పక్కకు పిలిచి, నెల్లూరులో చెవి డాక్టరుకు చూపించమన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు బాక్సులు బిగించేదానికి వచ్చినావా, రోగాలు చెప్పేదానికి వచ్చినావా?"

సుశీలమ్మ కూడా ఒప్పుకోలేదు. "చెవిలో మిషను పెట్టుకోని నలుగురిలోకి ఎట్టా పొయ్యేది? చెవిటిదనరా?"

"అమ్మా, ఇప్పుడు అనడం లేదనుకుంటా ఉండారా?" అన్నాను. మొరటు మాటే. కానీ నిజం. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఇంక రావద్దన్నారు.

నేను వెళ్ళడం మానలేదు. స్టెబిలైజర్ చూడాలని ఒకసారి, వైరు వదులైందేమోనని ఒకసారి. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు మాట ఎత్తేవాణ్ణి. ఆయన నిమ్మకాయల ధర మాట్లాడి పంపేసేవారు. "పెంచలయ్యకు పన్లేదు," అని రమణారెడ్డి వింజమూరులో నలుగురి దగ్గరా అన్నాడని తెలిసింది. అననిచ్చాను.

గడ్డివామి దగ్గర

ఆ తర్వాత జరిగింది కొండారెడ్డి గారే నాకు చెప్పారు. ఒక మధ్యాహ్నం సుశీలమ్మ బర్రెలకు వేయడానికి వామిలో నుంచి గడ్డి దూస్తోంది. ఆమె చేతికి జానెడు ఎడంలో పాము తల ఎత్తింది. వసారాలో నుంచి ఆయన చూశారు.

"పాము! సుశీలా, పాము!"

ఆమెకు అరుపు వినపడింది. వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది. ఎప్పటిలాగే తిడుతున్నాడనుకుంది. మూతి ముడుచుకుని మళ్ళీ గడ్డిలోకి చెయ్యి పెట్టింది.

ఆయన పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లాగేసరికి ఇద్దరూ వెనక్కి పడ్డారు. పాము గడ్డిలోకి జారిపోయింది. ఆమెకేమీ కాలేదు. పడిన చోటనే కూర్చుని, ఎందుకు లాగినావని ఆయన్ను తిట్టింది. ఆయన వేలితో గడ్డిని చూపించి, చేత్తో పడగ పట్టి చూపించారు. అప్పుడు తెలిసింది ఆమెకు.

ఆ సాయంత్రం నాకు ఫోను వచ్చింది. కొండారెడ్డి గారు మెల్లిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"పెంచలయ్యా, ఆ డాక్టరు యాడుంటాడు? ఆమే పోదామంటా ఉండాది."

వాళ్ళతో నేనూ వెళ్ళాను. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఆమెకు లావు శబ్దాలు వినపడతాయి, సన్నటివి వినపడవు. మాటను మాటగా చేసేవి ఆ సన్నటి శబ్దాలే. గట్టిగా పెట్టేకొద్దీ మోత పెరుగుతుందే తప్ప మాట తెలియదు. పైగా అంత మోతలో రోజూ కూర్చుంటే మిగిలిన వినికిడి కూడా పాడవుతుంది.

ఆ మాటకు కొండారెడ్డి గారు నా వైపు చూశారు.

చెవి మిషను రాగానే అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. గిన్నెల చప్పుడు, కుక్కర్ కూత, చీపురు శబ్దం కూడా ఆమెకు సూదుల్లా గుచ్చుకున్నాయి. తీసి డబ్బాలో పడేసింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది. కొండారెడ్డి గారు ఆమెను బతిమాలడం, నెల్లూరు తీసుకెళ్ళి సరిచేయించడం చాలాకాలం సాగింది. ఒకసారి పెళ్ళికి కూడా పెట్టుకుని వెళ్ళింది. ఎవరో చెవి వైపు చూస్తే, "పాముని వినేదానికి పెట్టుకోనుండా," అందట.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

వాట్ల లెక్క తెలియకుండా ఈ పని చేయకండి. అది తెలియకపోతే ట్వీటర్లు కాలుతూనే ఉంటాయి, మీ మాట మీద నమ్మకం పోతుంది. పెట్టె మీది అంకెను చూపించి అమ్మేవాడికి గిరాకీ బాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ హాలులో కూర్చుని వినేది ఎవరో, వాళ్ళకు ఏది వినపడటం లేదో అడగకుండా ఆంప్లిఫయర్ ఎంచకండి. ఇంటి యజమానిని అడిగితే చాలదు. వెనక గదిలోనో, కొట్టంలోనో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి అడగండి. విసుక్కుంటారు. అయినా అడగండి. మీ చేతిలో లేనిదైతే లేదని చెప్పి, ఎవరి చేతిలో ఉందో అక్కడికి పంపండి. కొనేవాడు కోపగించుకున్నా సరే, అవసరం లేని పవరు అమ్మకండి.

కొట్టు మూసే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్ళాను. ఈసారి ఊరి మొదట్లో ఏ పాటా వినిపించలేదు. వసారా ఎక్కాక గానీ లోపల సినిమా నడుస్తోందని తెలియలేదు. అంత తక్కువ శబ్దం. ఏదో హాస్యపు సన్నివేశం. సుశీలమ్మ పకపకా నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు తిరిగేట్టు నవ్వుతోంది.

పక్కన కూర్చున్న కొండారెడ్డి గారు నవ్వడం లేదు. ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తెర వైపు చూస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి ఆయిలింజన్ల మోతలో నీళ్ళు కట్టిన మనిషి. ఆయన చెవుల గురించి మాలో ఎవరమూ ఆలోచించలేదు. శబ్దం పెంచుతారేమోనని ఆయన చేతిలోని రిమోటు చూశాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగారు.

"ఏమన్నాడు?"

ఆమె నవ్వు ఆపుకుని, ఆయనకు కనిపించేట్టు మొహం తిప్పి, సినిమాలో వాడన్న మాటను ఒక్కొక్క ముక్కా విడదీసి మెల్లిగా చెప్పింది. ఆయన విన్నారు. ఒక్క క్షణం ఆగి గట్టిగా నవ్వారు.